ఇత్తడా, ప్లాస్టిక్కా

గంట టైమిస్తున్నా, నేను తినొచ్చేలోగా తేల్చి చెప్పు, ఇత్తడా ప్లాస్టిక్కా, అని అగ్బెకో మాస్టర్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫుఫు ముద్దలమ్మే కొట్టు వైపు నడిచిపోయాడు. తేల్చడానికేముంది, రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి, బల్ల మీద పక్కపక్కనే. ఎడమ పక్కది కొత్త రేడియేటర్, అట్టపెట్టెలోంచి తీసినప్పటి మెరుపు ఇంకా పోలేదు, మధ్యలో తెల్లటి అల్యూమినియం, పైనా కిందా నల్లటి ప్లాస్టిక్ తొట్లు, నా తమ్ముడు ఒబిరి అక్రాలో కొని బస్సులో వేసి పంపాడు, ఒంటి చేత్తో ఎత్తొచ్చు. కుడి పక్కది ఇంకా రేడియేటర్ కాలేదు. రాగి గొట్టాల చట్రం ఒక్కటే కొత్తది, దాని పైనా కిందా అతకాల్సిన ఇత్తడి తొట్లు నా పాత బండివే, మాస్టర్ పొద్దున విప్పి యాసిడ్‌తో కడిగి ఆరబెట్టాడు, మూడు ముక్కలుగా పడుంది, నా మనసులాగే అనబోయి ఊరుకున్నాను, ఎందుకంటే నా మనసు ముక్కలేమీ కాలేదు, కోపంగా ఉంది, అంతే. రేపు పొద్దున ఐదున్నరకి నా పాత ప్యూజో ఎన్‌కోకో స్టాండులో వరుసలో ఉండాలి, ఏడుగురిని ఎక్కించుకుని కొండెక్కాలి, మధ్యలో ఆగకూడదు. నెల రోజుల్లో రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగితే స్టాండులో నా వరుస తీసేస్తారు. పదకొండేళ్ళుగా నాది అనుకున్న వరుస.

మొదటిసారి ఆగినప్పుడు బండి నిండా తెల్లబట్టలవాళ్ళు. చనిపోయిన మనిషి కోసం ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెప్పుకోవడానికి పైఊరికి వెళ్తున్న కుటుంబం, ఆడవాళ్ళు ఇస్త్రీ మడత నలగకుండా ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోకుండా ఎంత జాగ్రత్త పడ్డారో, నాలుగో మలుపు దగ్గర ఇంజను వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది, నేను చూశాను, చూసి కూడా ఇంకొక్క మలుపే కదా అనుకున్నాను, ఆ ఇంకొక్కటి అనే మాటే కొంప ముంచుతుంది, బానెట్ కిందనుంచి బుస్సుమని లేచింది, నేను దిగి రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పానో లేదో తుప్పునీళ్ళు అంతెత్తున లేచి దిగి నిలబడ్డ వాళ్ళందరి మీదా పడ్డాయి, పెద్దావిడ తన తెల్ల గౌను మీద ఎర్రమచ్చలు చూసుకుని ఏడవలేదు, తిట్టలేదు, "దుఃఖం అయిపోయిందని తెలుపు కట్టుకున్నాం తల్లీ, నువ్వు మళ్ళీ ఎరుపు పూశావు" అంది, ఎరుపు మాకు దుఃఖం రంగు. రెండోసారి ఇంకా ఘోరం, ఊరి మొదటి ఇల్లు కనిపిస్తూండగా ఆగింది, వెనకొచ్చే ప్రతి బండీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది, "అక్కా, ఫుఫుకి ఎసరు కాగిందా?" అని ఒకడు, "వెనక అద్దం మీద ఓపిక పట్టు అని రాసుకున్నది ఎక్కినవాళ్ళ కోసమా?" అని ఇంకొకడు. మగవాడి బండి కాగితే బండి కాగినట్టు, ఆడదాని బండి కాగితే ఆడది కాగినట్టు. స్టాండు ఛైర్మన్ బ్రెంపొంగ్ ఆ సాయంత్రమే అందరి ముందూ చెప్పాడు, గట్టిగా కూడా కాదు, అదే నన్ను ఎక్కువ గుచ్చింది, మెల్లగా, రోగికి చెప్పినట్టు. "అఫ్రాకోమా, ఇంకొక్కసారే. తర్వాత నీ వరుస వేరేవాళ్ళకి. కావాలంటే కింద చదునులో తిప్పుకో, మార్కెట్ నుంచి రైలుగేటు దాకా." చదునులో తిప్పుకోవడానికా నేను పదిహేనేళ్ళ వయసులో ఆ కొండమీద గేరు వేయడం నేర్చుకున్నది?

నేర్పింది యిరెంచి మామ, మా అమ్మ తమ్ముడు. మా వాళ్ళలో మేనమామ ఆస్తి మేనల్లుడిది, ఆ లెక్కన ఈ బండి ఒబిరికి రావాలి, ఒబిరి వెనక ఇంకో ముగ్గురు మేనల్లుళ్ళున్నారు, నలుగురు మగాళ్ళు నిలబడి చూస్తూండగా మామ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "వీళ్ళకి బండి కావాలి, ఈ పిల్లకి దారి కావాలి" అన్నాడు. అలా అన్నందుకు ఇంట్లో రెండేళ్ళు ఎవరూ మామతో సరిగ్గా మాట్లాడలేదు, ఒబిరి మాత్రం మాట్లాడాడు, నాతోనూ మాట్లాడాడు, ఇప్పుడు ఈ పెట్టె పంపిందీ వాడే, వాడి మంచితనం తలుచుకుంటే ప్లాస్టిక్ వైపు చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆగు, ముందు మామ సంగతి చూడాలి, ఎందుకంటే అసలు తప్పు అక్కడే మొదలైంది. రేడియేటర్ కారితే మామ ఏం చేసేవాడంటే, సీటు కింద డబ్బాలోంచి వేయించిన కర్రపెండలం రవ్వ రెండు గుప్పిళ్ళు తీసి మూత తెరిచి పోసేవాడు. రవ్వ వేణ్ణీళ్ళలో ఉబ్బుతుంది, ఉబ్బి కన్నం దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది, కారడం ఆగుతుంది, మిగిలిన రవ్వలో పంచదార, చల్లటి నీళ్ళు కలిపి మేమిద్దరం తినేవాళ్ళం, మలుపు దగ్గర రాయి మీద కూర్చుని, కింద ఊళ్ళన్నీ పొగమంచులో. "బండీ మనిషే అమ్మాయ్, దానికీ ఆకలేస్తుంది" అనేవాడు. కొండమీద తిరిగే డ్రైవర్లందరూ చేసే పనే అది, ఎవరినడిగినా రవ్వ అనే చెప్తారు, కొందరు మిరియాల పొడి, కొందరు బార్ సబ్బు, కానీ రవ్వని మించింది లేదని పెద్దవాళ్ళ మాట. పెద్దవాళ్ళ మాట చద్దిమూట అంటారు, ఈ మూట నేను బండికి తినిపించాను. పదకొండేళ్ళు. మొదట ఏడాదికోసారి, తర్వాత నెలకోసారి, ఈ మధ్య వారానికోసారి.

పొద్దున అగ్బెకో మాస్టర్ పాత రేడియేటర్‌ని కుంపటి దగ్గరికి తీసుకెళ్ళి, చుట్టూ టంకం కరిగించి, పైతొట్టి మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, లోపలికి చూసి, నన్ను పిలవలేదు. తనే చూస్తూ నిలబడ్డాడు. నేనే వెళ్ళాను. గొట్టాల నోళ్ళ మీద గోధుమరంగు అట్ట, కుండ అడుగున మాడి అంటుకుపోయిన గంజిలా, గోరుతో గీకితే రాలేదు, మాస్టర్ రేకుపుల్ల దూర్చి పొడిస్తే నాలుగు గొట్టాల్లో ఒకటి కూడా తెరుచుకోలేదు, ఐదోది పుల్లతో పాటే చిరిగింది. "మీ కొండోళ్ళు బండికి అన్నం పెడతారు" అన్నాడు, "నీళ్ళు తిరగాల్సిన చోట అన్నం తిరుగుతుందా? కారే కన్నం ఒకటి, కారని గొట్టాలు యాభై, రవ్వకి ఏది కన్నమో ఏది గొట్టమో ఎవరు చెప్తారు?" నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే చెవులు వేడెక్కాయి. బ్రెంపొంగ్ నన్ను డ్రైవింగ్ రానిదనుకుంటున్నాడు, నేనేమో బండి ముసలిదైపోయింది, ఇత్తడి ముసలిదైపోయింది అని అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మద్దెల బాగానే ఉంది, దాని గొంతులో రవ్వ పోసింది నేను. మామ మీద తోసేద్దామా, తోసేయొచ్చు, చచ్చిపోయినవాడు కాదనడు, కానీ మామ ఏడాదికొకసారి పోశాడు, వారానికోసారి పోసింది నేను, లోపలికి ఒక్కసారి చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు. కారడం ఆగితే చాలనుకున్నాను.

ఇది తెలిశాక ఇత్తడి తప్పేం లేదని తేలింది, కానీ తప్పు లేకపోవడం వేరు, రేపు కొండెక్కించడం వేరు. ఇందాకే ఒబిరి ఫోను చేశాడు, వెనక అక్రా రోడ్డు మోత, "పెట్టించేశావా అక్కా?" అని. ఇంకా లేదన్నాను. "ఇంకా ఆలోచనేంటే? కొత్త బండ్లన్నిట్లో అదే. తేలిక, తొందరగా చల్లారుద్ది. ఇత్తడి కాలం పోయింది." నేను, మాస్టర్ అతికి ఇస్తానంటున్నాడ్రా అన్నాను. "ఆ ముసలాయనా? ఆయన పోయాక ఎవడతుకుతాడు? నువ్వొక్క మాట చెప్పు, మొత్తం మ్యాగజైన్‌లో టంకంతో మాటు వేసేవాళ్ళు ఇంకెంతమంది మిగిలారు?" మ్యాగజైన్ అని మేమనేది ఈ షెడ్ల వాడని. ఎంతమంది మిగిలారు? ఒకప్పుడు ఈ వరుసలో ఆరు కుంపట్లు మండేవి, నేను చిన్నప్పుడు మామతో వచ్చినప్పుడు కళ్ళు మండేవి ఆ యాసిడ్ పొగకి, ఇప్పుడొకటే మండుతోంది, మాస్టర్‌కి అరవై తొమ్మిదేళ్ళు, సూదిలో దారం ఎక్కించినట్టు మొహం దగ్గరగా పెట్టుకుని పని చేస్తాడు, ఆయన ఇద్దరు కొడుకులూ ఫోన్ల అద్దాలు మారుస్తారు. వాడన్నది నిజం. వాడి మాటలో ఎగతాళి లేదు, భయం ఉంది, కొండమీద నేనొక్కదాన్నే ఆగిపోతానని. "నేను బండి అడగలేదు నిన్ను ఎప్పుడూ" అన్నాడు చివర్లో, "ఇదొక్కటి తీసుకో." ఫోను పెట్టేశాక కాసేపు ఏమీ కనిపించలేదు నాకు. ఏడ్చాననుకోకండి, పొగ.

సరే, ప్లాస్టిక్‌నే తీసుకుందాం, తీసుకున్నాననుకుందాం. మధ్యాహ్నం మూడింటికల్లా బిగించేయొచ్చు, రేపు చల్లగా ఎక్కుతుంది, ఎల్లుండీ ఎక్కుతుంది, అందులో నాకు అనుమానం లేదు. కొత్తొక వింత పాతొక రోత అని నేను దాన్ని తీసిపారేయను, మంచి సరుకే అది. కానీ తాక్యి సంగతి గుర్తొస్తోంది, స్టాండులో నా వెనక వరుస అతనిది, బండీ నాలాంటి ప్యూజోనే, పోయినేడు ప్లాస్టిక్‌ది వేయించాడు, ఏడాది తిరక్కుండా ఆరో మలుపు దగ్గర గొట్టం తగిలించే మెడ పగిలింది, సన్నటి గీత, వెంట్రుకంత. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా దాని ముందు కూర్చున్నాడు, జిగురు రాశాడు, ఆరాక నీళ్ళు పోస్తే గీత పక్కన ఇంకో గీత, మళ్ళీ జిగురు, ప్లాస్టిక్ మీద టంకం నిలవదు, కుట్టడానికి గుడ్డ కాదు, చివరికి లారీకి తాడు కట్టి కిందికి దింపుకొచ్చారు, తాడు కట్టిన బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న తాక్యి మొహం నేను చూశాను. అదీ ప్లాస్టిక్ తప్పని అనను, వాగునీళ్ళు పోశాడు అతను, మేమందరం వాగునీళ్ళే పోస్తాం, కూలెంట్ అనే రంగునీళ్ళ డబ్బా కొనమని పెట్టె మీద రాసే ఉంది, ఎవరు చదువుతారు. అసలు తేడా ఏది పగులుతుందన్నది కాదు. రెండూ పగుల్తాయి. ఈ కొండ మీద పగలనిది లేదు, బండ్ల ఇరుసులు పగిలాయి, మనుషుల కాపురాలు పగిలాయి. పగిలాక ఏం చేస్తావన్నదే. ప్లాస్టిక్‌ది పగిలితే కిందికి రావాలి, తాడు కట్టించుకుని, మూడోసారి. ఇత్తడిది పగిలితే కుంపటి కావాలి, టంకం కావాలి, ఒక చెయ్యి కావాలి. కుంపటి బండిలో పెట్టుకోవచ్చు. టంకం కడ్డీ జేబులో పడుతుంది. చెయ్యే లేదు.

చెయ్యి లేకపోవడమేంటి, నాకు రెండున్నాయి. ఈ మాట అనుకోగానే లేచి నిలబడ్డాను, ఎవరో పిలిచినట్టు. బల్ల చుట్టూ తిరిగాను. ఇత్తడి తొట్టి అంచు మీద వేలు రాశాను, మెత్తగా ఉంది, పాత టంకం ఇంకా అక్కడక్కడా బూడిదరంగులో, ఎవరో నలభై ఏళ్ళ క్రితం వేసిన మాటు, ఎవరో తెలీదు, ఆయన కూడా ఎప్పుడో మొదటిసారి వేసే ఉంటాడు, పుట్టుకతో రాదుగా. ఒబిరి అడిగింది ఆయన పోయాక ఎవడతుకుతాడని. ఎవడో అతకాలని నేనూ పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను, కారితే రవ్వ పోసి, పోసింది దాచి, లోపల ఏముందో చూడాల్సింది ఇంకొకరని. నాకు గేరు వేయడం ఎవరైనా పుట్టుకతో వచ్చిందన్నారా? ఒబిరి బాధపడతాడు, పడనీ, వాడికి నేనే వెళ్ళి చెప్తాను, వాడి పెట్టె వెనక్కి పంపను, తాక్యి బండి ఇంకా పాక కింద ఉంది, తాక్యికి ఇస్తాను, రంగునీళ్ళు పోసుకోరా అని చెప్పి మరీ ఇస్తాను. ఒబిరి డబ్బు కొండమీదే తిరుగుతుంది. ఇంక నాకు గంట అక్కర్లేదు, మాస్టర్ ఎక్కడ, ఇంత సేపు తింటారా ఎవరైనా, ఫుఫు మింగడానికి నమలక్కర్లేదు కూడా.

వచ్చాడు, పళ్ళలో పుల్ల పెట్టుకుని. "తేలిందా?"

"తేలింది. ఇత్తడిదే. కానీ మాటు నేనేస్తాను."

పుల్ల తీసి చూశాడు నన్ను. "ఏంటీ?"

"మీరు చూపించండి. వేసేది నేను. కొండ మీద పగిల్తే మీరొస్తారా?"

"నా మోకాళ్ళకి ఆ కొండెక్కడ, నేనెక్కడ." కుంపటి దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పనిలో చేరాలంటే పద్ధతుంది అమ్మాయ్. జిన్ను సారా సీసా తేవాలి. ముందు పోయిన మాస్టర్ల పేర్లు చెప్పి నేల మీద పొయ్యాలి. సీసా లేకుండా టంకం వేసే ఈ ఇనుము ఎవడూ ముట్టుకోలేదు. నేనే రెండు నెలలు నీళ్ళు మోస్తే ముట్టుకోనిచ్చారు."

"రేపు కొండ దిగాక తెస్తాను. ఇవాళ నాకు టైం లేదు."

"పెద్దలకి అప్పా?" అన్నాడు, కానీ నవ్వాడు, ఆ నవ్వులో నాకు తెలీని సంతోషం ఏదో కనిపించింది, బహుశా ఇరవై ఏళ్ళుగా ఎవరూ సీసా మాట ఎత్తి ఉండరు ఆయన దగ్గర. మంచినీళ్ళ ప్యాకెట్ మూల పంటితో కొరికి, నేల మీద మూడుసార్లు ధార పోసి, నాకు తెలీని నాలుగు పేర్లు చెప్పి, "ఇవాళ్టికి నీళ్ళతో సర్దుకోండయ్యా, ఆడపిల్ల తొందర్లో ఉంది" అని, ఇనుము నా వైపు పిడి తిప్పి పెట్టాడు.

అది నేననుకున్నదానికన్నా బరువు. వేడి చెయ్యి దాకా రాదు గానీ మొహానికి కొడుతుంది. యాసిడ్ పుయ్యి, ఇనుము ముందు ఇత్తడికి ఆనించు, టంకానికి కాదు, ఇత్తడి వేడెక్కితే టంకం దానంతటదే పరిగెత్తుద్ది, నువ్వు తోయకు, అని ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను తోశాను, గడ్డకట్టింది, గీకాం, మళ్ళీ, ఈసారి ఆగాను, ఇత్తడి రంగు మారేదాకా ఆగాను, కడ్డీ ఆనించగానే వెండిలా ఒక్కసారిగా సందులోకి జారిపోయింది, నా గొంతులోంచి ఏదో కేక వచ్చింది, పక్క షెడ్డులో టైర్లవాళ్ళు తలలు తిప్పారు. పైతొట్టి సగం ఆయన, సగం నేను. కిందతొట్టి మొత్తం నేనే. ఎంతసేపు పట్టిందో తెలీదు, చెమట కళ్ళలోకి కారితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నోళ్ళన్నీ రబ్బరు బిరడాలతో మూసి, సిమెంటు తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. ఆయన వేసిన వైపు ఒక్క బుడగ లేదు. నా వైపు మూలలో ఒకటి వచ్చింది, దాని వెనక ఇంకోటి, వరసగా, తీరిగ్గా.

సరిగ్గా అప్పుడే బ్రెంపొంగ్ ఫోను. ఎత్తలేదు. మాస్టర్ ఇనుము తీసుకుంటాడేమోనని చూశాను, ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "నాకేసి చూస్తావేం? రేపు నేనుంటానా అక్కడ?" రేడియేటర్‌ని నీళ్ళలోంచి పైకి తీశాను, ఆరబెట్టాను, గీకాను, యాసిడ్, ఇనుము, ఆగడం, అన్నిటికన్నా కష్టం ఆ ఆగడమే. ఫోను మళ్ళీ మోగింది, మోగి ఆగింది. ముంచాం. పంపు కొట్టాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఇంకో పది కొట్టమన్నాను, కొట్టాడు. ఇంకో పది అన్నాను. "ఇక చాల్లే, నా ఊపిరి పోద్ది" అన్నాడు.

అప్పుడు చేతులు తుడుచుకుని నేనే ఫోను చేశాను బ్రెంపొంగ్‌కి. స్టాండులో కేకలు వినిపిస్తున్నాయి, ఎవరో పైఊరి పేరు అరుస్తున్నాడు, ఇంకో మనిషి కావాలి, ఇంకొక్క మనిషి అని.

"ఏమైంది అఫ్రాకోమా, రేపు నీ వరుస ఎవరికివ్వను?"

"ఎవరికీ ఇవ్వకండి ఛైర్మన్ గారూ. రెండుసార్లూ తప్పు నాదే. పదకొండేళ్ళు రవ్వ పోశాను, గొట్టాలన్నీ పూడిపోయాయి. ఇవాళ తీసి పారేశాను, ఇత్తడిదే మళ్ళీ అతికాను."

"అతికించావా?"

"అతికాను. నేనే."

ఈసారి ఆ రోగితో మాట్లాడే గొంతు కాదు, మామూలు గొంతు, కొంచెం చిరాగ్గా కూడా ఉంది, నాకదే బావుంది. "అతికితే అతికావులే. మళ్ళీ మధ్యలో ఆగితే?"

"ఆగితే పక్కకి తీసి, చల్లారనిచ్చి, అతుక్కుని పైకొస్తాను. నా వరుస తీసేయాలంటే నేను పైకొచ్చాక తీయండి."

ఆయన పక్కనున్న వాళ్ళతో ఏదో అన్నాడు, వినపడలేదు. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు.

"ఐదున్నర," అన్నాడు. "ఐదున్నరంటే ఐదున్నరే."